కరెంటు ఎక్కడ దాకా వచ్చింది?

(జిల్లా మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన విషయం ‘స్త్రీలు – సాంకేతిక జ్ఞానం’. చాలా పెద్ద విషయం. అందులోంచి ఒక చిన్న ముక్క తీసుకుని మాట్లాడతానని ముందే చెప్పాను. ఆ ముక్క మా సంస్థలో వుండిన ఒక పాత డీజిల్ పికప్పు బండి, దాని వైరింగు. అది విని కొందరు నవ్వారు. ‘మీరు సోషియాలజీ కదండీ, బండి రిపేరు మీకెందుకు?’ అన్నారు. అన్నది స్త్రీలే. అదే నాకు కాస్త కష్టంగా అనిపించింది. నాకెందుకో చెబుతాను.

పదేళ్ళ కిందటి మాట. మా కార్యాలయం ఒక మండల కేంద్రంలో వుండేది. అప్పటికే రెండు చేతులు మారిన పికప్పు ఒకటి కొన్నాం. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చోవచ్చు. వెనక సభలకు మైకుసెట్టు, కరపత్రాల కట్టలు, వరదలొస్తే బియ్యం బస్తాలు వేసేవాళ్ళం. ఒక్కోసారి ఇంట్లోంచి గెంటేసిన మనిషి ట్రంకుపెట్టె, గిన్నెలు కూడా ఆ బండిలోనే వచ్చేవి. మీలో చాలామందికి ఇలాంటి బండితో పరిచయం వుండే వుంటుంది.

ఒక వానాకాలం రాత్రి పదిన్నరకు ఫోను వచ్చింది. ముప్పై కిలోమీటర్ల అవతల ఒక లోపలి ఊరి నుంచి. ఆమె వివరాలు చెప్పను. ‘అక్కా, ఈ రాత్రికే నన్ను తీసుకుపోండి. తెల్లారితే నన్నిక్కడ వుంచరు’ అంది. పోలీసులకు చెప్పొద్దంది. స్టేషనుకు ఫోను చేస్తే ముందు తెలిసేది మామగారికేనట. కార్యాలయంలో మేం ముగ్గురం వున్నాం. డ్రైవరు సెలవు మీద ఊరెళ్ళాడు. అయినా భయపడలేదు, మా ముగ్గురిలో ఒకామెకు లైసెన్సు వుంది, బండి బాగా నడుపుతుంది. ఎక్కి తాళం తిప్పింది. లోపల్నించి ‘టక్’మని ఒక్క చప్పుడు. అంతే. మళ్ళీ తిప్పింది. మళ్ళీ టక్. హెడ్‌లైట్లు మాత్రం గేటు మీద తెల్లగా పడుతున్నాయి.

తోద్దామని దిగాం. గేటు ముందు ఎత్తు, కింద బురద. ముగ్గురం ఎంత తోసినా బండి ఊగి వెనక్కే వచ్చింది. మెకానిక్కు ఫోను చేస్తే ‘బ్యాటరీ డౌనయింది మేడమ్, పొద్దున్నే వచ్చి చూస్తా’ అన్నాడు. ఆటో అతను వాగు వస్తోందని రానన్నాడు. తెల్లవారి ఏడున్నరకు అద్దె జీపులో వెళ్ళేసరికి ఆ ఇంటికి తాళం వేసి వుంది. ఆమెను రాత్రికి రాత్రే ఎక్కడో బంధువుల ఇంటికి చేర్చేశారు. మూడు వారాల తర్వాత పెద్దమనుషుల పంచాయితీ జరిగింది, రాజీ కాగితం మీద ఆమె సంతకం పెట్టింది. 2005 గృహహింస చట్టం, రక్షణాధికారి, నివాస హక్కు, వీటన్నిటి మీద మేం కరపత్రాలు వేశాం. ఆ కరపత్రాలు ఆ రాత్రి కూడా బండి వెనకే వున్నాయి. ఆమె ఇప్పటికీ ఆ ఇంట్లోనే వుంది. కనిపిస్తే తల తిప్పుకుంటుంది.

తర్వాత చాలా రోజులు నేను డ్రైవరును తిట్టుకున్నాను, మెకానిక్కును తిట్టుకున్నాను, వానను తిట్టుకున్నాను. చివరికి నాకు చేతనైన పని ఒకటి చేశాను. వోచర్ల ఫైలు ముందు వేసుకుని కూర్చున్నాను. ఏడాదిన్నరలో బండి కోసం ఏమేం ఖర్చు పెట్టామో కాగితం మీద రాశాను. రెండు కొత్త బ్యాటరీలు. ఒకసారి డైనమో రిపేరు. ఒకసారి సెల్ఫ్ మోటారు విప్పి బొగ్గులు మార్పు. రెండుసార్లు యాక్సిలరేటర్ కేబుల్ మార్పు. ప్రతి వోచరు మీదా నా సంతకం వుంది. కార్యకర్తల ప్రయాణ ఖర్చుల మీద పది ప్రశ్నలు వేసే నేను వీటిలో ఒక్కదాని మీదా ప్రశ్న వేయలేదు. ఎందుకంటే నాకు తెలియదు. తెలియకపోవడం సహజమని నేనూ అనుకున్నాను.

ఆ కాగితం చూసి మాట్లాడింది మా ఆఫీసులో లెక్కలు రాసే అమ్మాయి. ఐటిఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివింది. ఆ చదువుతో ఎక్కడా పని దొరక్క మా దగ్గర అకౌంట్లకు చేరింది. నాలుగేళ్ళుగా మాతో వుంది. ఆమె ఏం చదివిందో దరఖాస్తులో వుంది, మాలో ఎవరికీ గుర్తులేదు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, ‘మేడమ్, యాక్సిలరేటర్ కేబుల్ రెండుసార్లు ఎందుకు పోయింది?’

డ్రైవరును పిలిచి అడిగాం. ‘సెల్ఫ్ కొట్టినప్పుడల్లా ఆ కేబుల్ వేడెక్కుతుంది మేడమ్. పైన ప్లాస్టిక్ కరిగిపోతుంది’ అన్నాడు. ఎప్పటి నుంచి? ‘కొన్నప్పటి నుంచే.’ మరి చెప్పలేదేం? ‘నన్నెవరడిగారు?’

ఆ మాటలోనే రోగం బయటపడింది. యాక్సిలరేటర్ కేబుల్ ఇనుప తీగే గానీ కరెంటు పోవడానికి పెట్టిన తీగ కాదు. అది వేడెక్కుతోందంటే కరెంటు తన దారి దొరక్క ఆ సందులోంచి పోతోందన్నమాట. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. మిగతాదంతా దీని మీదే ఆధారపడి వుంది.

మనింట్లో బల్బుకు రెండు తీగలు వస్తాయి. బండిలో చాలా చోట్ల ఒక్కటే వస్తుంది. ప్లస్ నుంచి తీగ బయలుదేరి లైటుకో, హారనుకో, సెల్ఫ్ మోటారుకో చేరుతుంది. తిరిగి వచ్చే దారికి తీగ వుండదు. బండి ఛాసిస్, బాడీ, ఇంజను ఇనుమే ఆ దారి. దాన్నే ఎర్త్ అంటాం. పేరుకే ఎర్త్. నేలతో దానికి సంబంధం లేదు. బ్యాటరీ మైనస్ నుంచి ఒక లావుపాటి తీగ ఛాసిస్‌కు బిగించి వుంటుంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కనుక ఛాసిస్‌కూ ఇంజనుకూ మధ్య కరెంటు పోదు. అందుకని జడలా అల్లిన ఒక రాగి పట్టీతో రెండింటినీ కలుపుతారు. ఆ పట్టీ బండి కింద వుంటుంది. బురద, నూనె, వాన అన్నీ దాని మీదే. ఎవరూ చూడరు. వైరింగు అనగానే అందరూ రంగు తీగల వైపే చూస్తారు. (నేను సామాజిక శాస్త్రం మనిషిని కాబట్టి కనపడని శ్రమ గురించి ఇక్కడ ఒక ఉపమానం చెప్పాలని నాలుక దురదపెడుతోంది. చెప్పను.)

మా బండిలో ఆ పట్టీ బోల్టు దగ్గర తుప్పు పట్టి వుంది. అంతే. బ్యాటరీ మంచిదే, డైనమో మంచిదే, సెల్ఫ్ మోటారూ మంచిదే.

మరి కొత్త బ్యాటరీ వేసినప్పుడల్లా బండి ఎందుకు నడిచింది? ఇది తెలుసుకోవడం ముఖ్యం. తప్పు వైద్యం కొన్నాళ్ళు పనిచేస్తుంది, అందుకే అది తప్పని తెలియదు. నిండా ఛార్జి వున్న కొత్త బ్యాటరీ ఆ తుప్పును కూడా దాటించి కొన్ని వారాలు సెల్ఫ్ తిప్పుతుంది. కానీ డైనమో వున్నది ఇంజను మీద. అది బ్యాటరీని నింపాలన్నా కరెంటు ఆ పట్టీ గుండానే పోవాలి. పట్టీ చెడ్డది కనుక బ్యాటరీ ఎన్నడూ పూర్తిగా నిండదు. నెలలు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. అప్పుడు మెకానిక్కు మీటరు పెట్టి చూపిస్తాడు, ‘చూడండి, డౌనయింది’ అని. అబద్ధం కాదు. పన్నెండు వోల్టుల బ్యాటరీ నిండితే 12.6 దగ్గర వుండాలి. 12.2కు వచ్చిందంటే సగం ఖాళీ అయినట్టు. 12 కన్నా దిగితే దాదాపు అయిపోయినట్టే. అతను చూపించిన అంకె నిజమే. అది ఎందుకు దిగిందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు.

ఆ రాత్రి మా కళ్ళ ముందే ఇంకో సాక్ష్యం వుంది, మాకు చదవడం రాలేదు. సెల్ఫ్ కొట్టినప్పుడు హెడ్‌లైట్లు మసకబారి ఆరిపోయేలా అయితే బ్యాటరీనో దాని టెర్మినళ్ళనో అనుమానించాలి. లైట్లు చెక్కుచెదరకుండా వెలుగుతూ సెల్ఫ్ మాత్రం టక్ మంటే బ్యాటరీలో బలం వుంది, అది సెల్ఫ్ మోటారుకు చేరడం లేదు, లేదా తిరిగి రావడం లేదు, లేదా మోటారులోనే లోపం వుంది. మా లైట్లు తెల్లగా వెలిగాయి. వైరు కట్టలోంచి జంపర్ వైరు తీసి ఒక చివర బ్యాటరీ మైనస్‌కు, ఇంకో చివర ఇంజను ఇనుముకు తగిలించి వుంటే బండి కదిలేది. జంపర్ వైరు సీటు కిందే వుంది.

ఇక ఒక చిన్న లెక్క. లెక్కలంటే భయపడకండి, వడ్డీ లెక్క కన్నా సులువు. డీజిల్ బండి సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు రెండు వందల ఆంపియర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. దారిలో అడ్డు ఓములో వందో వంతు వుందనుకోండి. రెండు వందల్ని వందో వంతుతో గుణిస్తే రెండు. అంటే రెండు వోల్టులు ఆ తుప్పు దగ్గరే ఖర్చయిపోతాయి. అదే తుప్పు గుండా ఒక హెడ్‌లైటుకు కావలసిన అయిదు ఆంపియర్లు పోతే నష్టం వోల్టులో ఇరవయ్యో వంతు, కంటికి కూడా తెలియదు. మెకానిక్కుల చేతిలో వుండే టెస్ట్ ల్యాంపు ఇంకా తక్కువ కరెంటు తీసుకుంటుంది. అందుకే ఎర్త్ మీద ల్యాంపు పెడితే భేషుగ్గా వెలిగింది, ‘ఎర్త్ ఓకే’ అన్నారు. చిన్న బరువు మోయగలిగిన తాడు పెద్ద బరువుకు తెగుతుందో లేదో పెద్ద బరువు వేస్తేనే గదా తెలిసేది.

కాబట్టి పరీక్ష కరెంటు పారుతున్నప్పుడే చేయాలి. మల్టీమీటరును డిసి వోల్టుల మీద పెట్టి, ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజను ఇనుము మీద ఆనించి, ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. గేరు న్యూట్రల్‌లో వుండాలి, హ్యాండ్‌బ్రేకు వేసి వుండాలి, చీర కొంగు బెల్టు దగ్గరకు పోకుండా దోపుకోవాలి. అంకె వోల్టులో అయిదో వంతు, అంటే 0.2 లోపుంటే దారి బాగున్నట్టు. మాకు రెండున్నర చూపించింది. పట్టీ విప్పి రెండు చివర్లా ఉప్పుకాగితంతో రుద్ది, కింద ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త పట్టీ వేసి బిగించి, పైన గ్రీజు రాశాం. పట్టీ ఖరీదు కొత్త బ్యాటరీ ఖరీదులో ఏ మూలకూ రాదు.

ఇదంతా చూస్తూ నిలబడింది మా కార్యాలయంలో వంట చేసే పెద్దమ్మ. చాలా ఏళ్ళు కూలికి పోయిన మనిషి. ‘ఓసి, ఇంతేనా? మడికి నీళ్ళు రాకపోతే తూము కాణ్ణించి గట్టెమ్మట నడుసుకుంటా పోయి యాడిదాకా తడి వుందో సూత్తాం. గండి ఆడుంటది’ అంది. బండి వైరింగులో లోపం వెతకడానికి ఇంతకన్నా మంచి పాఠం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. లైటు వెలగకపోతే ల్యాంపు ఒక మొనను మైనస్‌కు తగిలించి, రెండో మొనతో బ్యాటరీ, ఫ్యూజు పెట్టె, స్విచ్చి, రిలే, చివరికి లైటు హోల్డరు దాకా నడుచుకుంటూ పోవడమే. ఎక్కడ దాకా వెలిగింది, ఎక్కడ ఆరింది? ఆ రెంటి మధ్యే గండి. ఒక్క తేడా వుంది. మడిలో నీళ్ళు ఇంకిపోతాయి, కరెంటు ఇంకదు, తిరిగి బ్యాటరీకి రావాలి. పెద్దమ్మకు అది ఒకసారి చెబితే సరిపోయింది. అప్పటి నుంచి ఏది ఆగినా ముందు ‘తిరుగుదారి సూసిండ్రా?’ అనేది.

మిగతా లోపాలు త్వరగా చెప్పేస్తాను. ఎడమ ఇండికేటరు వేస్తే వెనక బ్రేకులైటు కూడా మినుకుమంటుంటే అది దయ్యం కాదు, వెనక లైటు ఎర్త్ పోయింది, కరెంటు పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటోంది. పికప్పుల్లో వెనక లైట్లు బురదలో వుంటాయి కనుక ఇది మామూలే. రాత్రి బాగున్న బ్యాటరీ తెల్లారేసరికి ఖాళీ అవుతుంటే ఏదో దొంగతనంగా తాగుతోంది. మైనస్ తీగ విప్పి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టండి. అన్నీ ఆపి వున్నా ల్యాంపు వెలిగితే ఫ్యూజులు ఒక్కొక్కటీ తీసి పెడుతూ రండి, ఏది తీస్తే ఆరుతుందో ఆ దారిలో దొంగ వున్నట్టు. అన్ని ఫ్యూజులూ తీసినా ఆరకపోతే డైనమో తీగ విప్పి చూడండి, లోపల డయోడు పోయి వుండొచ్చు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 దాకా వుంటే డైనమో పని చేస్తున్నట్టు. ఫ్యూజు పదేపదే కాలిపోతుంటే పెద్ద ఫ్యూజు వేయొద్దు, సిగరెట్టు కాగితం అసలే చుట్టొద్దు. బండ్లు తగలబడేది అలాగే. ఫ్యూజు కాలడం రోగం కాదు, ఎక్కడో షార్ట్ అవుతోందని అది చెబుతోంది. ఇంకొక హెచ్చరిక. ఇదంతా పాత బండ్లకే. ఇంజనును కంప్యూటరు నడిపే కొత్త బండ్లలో ల్యాంపు మొనతో తీగలు పొడిస్తే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

అసలు మొదటి పరికరం ల్యాంపు కాదు, ప్రశ్న. ఎప్పుడు మొదలైంది? వానలోనా ఎండలోనా? ఏది పనిచేస్తోంది, ఏది చేయడం లేదు? ఆఖరుసారి ఏం మార్చారు? మన దగ్గరికి ఒక స్త్రీ వచ్చినప్పుడు మనం ముందే కేసు ఏమిటో తేల్చేసుకోం, ఆమెను అడుగుతాం, రాసుకుంటాం. ఆ పని మనకు బాగా వచ్చు. బండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు మూతపడుతుంది.

ఇలా ఎనిమిదిమందిమి నేర్చుకోవడానికి కూర్చున్నాం. మొదటి రోజు ఒక గొడవ జరిగింది, అది చెప్పకుండా వుండలేను. బ్యాటరీ ప్లస్‌కూ బండి ఇనుముకూ మధ్య లోహం ఏది తగిలినా క్షణంలో ఎర్రగా కాలుతుంది. ఉంగరమైతే వేలు పోతుంది. అందుకే విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు మైనస్ చివర. పానా బాడీకి తగిలినా ప్రమాదం వుండదు. పక్కన అగ్గిపుల్ల గీయకూడదు, బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది. ఇవన్నీ చెప్పి ఆ అమ్మాయి ‘గాజులు, ఉంగరాలు, మెడలో గొలుసులు తీసి ఈ గిన్నెలో వేయండి’ అంది. గదిలో నిశ్శబ్దం. పుస్తెల సంగతి! ఒకామె రవికెలో దోపుకుంది. వంగితే జారుతుందని ఇంకొకామె. నాది పసుపుతాడే అని ఒకరు, పుస్తెలు బంగారమే కదా అని మరొకరు. అరగంట చర్చ. పితృస్వామ్యపు చిహ్నాల మీద నేను ఎన్ని సెమినార్లలో మాట్లాడానో లెక్కలేదు, ఆ అరగంటలో నాకు మాట రాలేదు. చివరికి పెద్దమ్మ ‘కరెంటుకు పెళ్ళయిందీ కానిదీ తెలవదమ్మా’ అని తనది తీసి గిన్నెలో వేసింది. ఇద్దరు వేయలేదు. వాళ్ళకు బ్యాటరీ పని కాకుండా ఫ్యూజు పెట్టె పని ఇచ్చాం.

ఈ జ్ఞానం స్త్రీలకు పరాయిదని ఎవరన్నారు? మోటారు బండి చరిత్రలో మొదటి దూర ప్రయాణం చేసింది ఒక స్త్రీ. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వంద కిలోమీటర్లకు పైగా వెళ్ళింది. దారిలో ఇంధనపు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచిందని, ఇగ్నిషన్ తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టిందని చెబుతారు. అంటే దారి మధ్యలో కరెంటు లోపం సరిచేసిన మొదటి మనిషి ఆమే కావొచ్చు. 1886 పేటెంటు భర్త కార్ల్ పేరు మీద వుంది. పెళ్ళికి ముందే ఆయన వ్యాపారంలోకి వెళ్ళింది ఆమె కట్నం సొమ్ము. ఇది మన తెలుగు వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకా దగ్గరి సంగతి. బండిలో తీగలన్నీ కట్టగా కలిపి టేపు చుట్టి వచ్చే దాన్ని వైరింగ్ హార్నెస్ అంటారు. దాన్ని ఎక్కువగా చేతులతోనే కూర్చాలి. మెక్సికో, మొరాకో, ట్యునీసియా, ఫిలిప్పీన్స్, మన దేశం, ఎక్కడ చూసినా ఆ ఫ్యాక్టరీల్లో స్త్రీలు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. ఏ రంగు తీగ ఎక్కడికి పోవాలో వాళ్ళ వేళ్ళకు తెలుసు. అయితే దాన్ని నైపుణ్యం అనరు, ‘ఆడవాళ్ళ వేళ్ళు సన్నం, ఓపిక ఎక్కువ’ అంటారు. డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ 1981లోనే దీని మీద రాశారు. ఇంట్లో చిన్నప్పటి నుంచి కుట్టుపనిలో ఇచ్చిన శిక్షణను ప్రకృతి ఇచ్చినదిగా చూపి కూలి తగ్గిస్తారని వాళ్ళ వాదన. ఆన్ ఫిలిప్స్, బార్బరా టేలర్ 1980లో ఇంకో మాట అన్నారు. నైపుణ్యం అనే ముద్ర చాలాసార్లు పనిని చూసి కాక చేసేవాళ్ళను చూసి వేస్తారని. తీగల కట్ట కూర్చేది స్త్రీ అయితే అది ఓపిక, అదే కట్టలో తెగిన తీగ వెతికేది మగవాడైతే అది విద్య.

చట్టం ఏమంది? 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ చూడండి. నడుస్తున్న యంత్రపు ప్రధాన భాగాలను శుభ్రం చేయడం, నూనె పెట్టడం, సరిచేయడం స్త్రీకీ, చిన్న వయసువాళ్ళకూ నిషేధంగా వుండేది. ఎదిగిన స్త్రీనీ, పిల్లవాణ్ణీ ఒకే వాక్యంలో కట్టేశారు. ప్రమాదం నిజమే. ప్రమాదం వుంటే యంత్రానికి కంచె వేయాలి గానీ మనిషికా? 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ అన్ని సంస్థల్లో అన్ని రకాల పనులకూ స్త్రీలను తీసుకోవచ్చంది. కానీ మన ఊళ్ళలో రోడ్డు పక్క ఎలక్ట్రికల్ షెడ్డు ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు, అక్కడ పనివాళ్ళు నలుగురైదుగురే. అక్కడికి స్త్రీని రావొద్దన్న చట్టం ఏనాడూ లేదు. చట్టం అక్కర్లేకుండానే ఆపగలిగారు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. సమానమైన పనిలోకే అడుగుపెట్టనివ్వనప్పుడు ఆ చట్టంతో ఎవరి కూలిని ఎవరి కూలితో పోల్చగలిగేవాళ్ళం?

షెడ్డులో విద్య ఎలా వస్తుందో కూడా చూడాలి. పదేళ్ళ కుర్రాణ్ణి తెచ్చి గురువు దగ్గర పెడతారు. జీతం వుండదు, టీ, తిట్లు, దెబ్బలు వుంటాయి. అది బాలకార్మిక వ్యవస్థ. మన ఆడపిల్లలను కూడా అందులోకి పంపండని నేను చెప్పడం లేదు. ఆ షెడ్డు మనిషిని దుర్మార్గుడిగా చూపడం కూడా నా ఉద్దేశం కాదు. తర్వాత అతనితో కూర్చుని మాట్లాడితే ఒక నిజం చెప్పాడు. ‘మేడమ్, గంటసేపు వెతికి ఒక బోల్టు బిగిస్తే మీరెంతిస్తారు? ఇరవై రూపాయలిచ్చి ఇంతేనా అంటారు. బ్యాటరీ మారిస్తే నాకు షాపువాడు కమీషనిస్తాడు.’ లోపం కనిపెట్టే శ్రమకు మనం విలువ కట్టం, వస్తువుకు కడతాం. ఇంట్లో వంటకూ, పిల్లల పెంపకానికీ విలువ కట్టని సమాజం మీద పుస్తకాలు రాసే నేను, అతనికి ఇరవై రూపాయలే ఇచ్చాను.

సంస్థల్లో మనం ఏం చేశాం? 1990ల తొలి ఏళ్ళలో పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం వేలాది స్త్రీలకు సైకిలు నేర్పింది. ఇది మనందరికీ స్ఫూర్తినిచ్చిన గాథ. అదే కాలంలో ఉత్తరప్రదేశ్ బాందా జిల్లాలో మహిళా సమాఖ్య దళిత, ఆదివాసీ స్త్రీలకు చేతిపంపుల రిపేరు నేర్పింది. రెండోదాని గురించి మనం తక్కువ మాట్లాడుకున్నాం. సైకిలెక్కిన స్త్రీ ఫొటో అందంగా వుంటుంది. పంపు విప్పి గ్రీజు చేతులతో కూర్చున్న స్త్రీ ఊళ్ళో అధికారం ఎవరిదన్న ప్రశ్న తెస్తుంది. నీళ్ళు రావాలంటే పై కులం వాళ్ళు కూడా ఆమె కోసమే కబురుపెట్టాలి. డ్రైవింగ్ శిక్షణలు ఇప్పుడు చాలా సంస్థలు ఇస్తున్నాయి, సంతోషమే. మా లైసెన్సు వున్న కార్యకర్త ఆ రాత్రి స్టీరింగు ముందు కూర్చుని ఏడ్చింది. నడపడం నేర్పాం, ఆగితే ఏం చేయాలో నేర్పలేదు.

దీని మీద మా సంస్థలోనే గట్టి విమర్శ వచ్చింది. ‘ఇల్లు, ఉద్యోగం, ఉద్యమం, ఇప్పుడు రిపేరు కూడానా? ఎన్ని మోయాలి?’ అని. ఈ విమర్శను నేను తోసిపుచ్చలేను. ఎందుకంటే అది నిజమైంది. లెక్కలు రాసే ఆ అమ్మాయి ఏడాదిపాటు ప్రతి శనివారం బండి చూసింది. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్, టెర్మినళ్ళు, బెల్టు బిగువు, లైట్లు. మిగతా సంస్థల బండ్లు కూడా చూసిపెట్టింది. ఆ ఏడాది మేం బ్యాటరీ కొనలేదు. వార్షిక నివేదికలో ఆమె ఫొటో వేసి కింద ‘సాధికారత’ అని రాశాం. జీతం మాత్రం అకౌంట్లు రాసే మనిషిదే. ఏడాది చివర సమావేశంలో ఆమె లేచి, ‘బయటి మెకానిక్కు వస్తే వోచరు రాస్తాను. నేను చేస్తే ఏ పద్దులో రాయాలి మేడమ్?’ అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. నిధులిచ్చేవాళ్ళ బడ్జెట్టులో ఆ పద్దు లేదని మా కార్యదర్శి అంది. ‘బ్యాటరీకి పద్దు ఎలా వచ్చింది?’ అని ఆమె. రెండు సమావేశాలు గొడవపడ్డాక వాహన నిర్వహణ పద్దు కింద ఆమెకు నెలనెలా భత్యం రాశాం. వెనకటి ఏడాదికి ఇవ్వలేదు. ఆ బాకీ ఇంకా వుంది, ఆమె గుర్తు చేస్తూనే వుంటుంది.

ఎనిమిదిమందిలో ముగ్గురు ఈ పని వదిలేశారు. నేను కూడా పెద్దగా చేయను, నడుము నొప్పి. కానీ వోచరు మీద సంతకం పెట్టేముందు ‘ఏం పరీక్ష చేసి తేల్చారు?’ అని అడుగుతాను. ఆ ఒక్క ప్రశ్నకు చాలా బిల్లులు వెనక్కి పోయాయి. మీలో ప్రతి ఒక్కరూ బండి కింద పడుకోనవసరం లేదు. మీ కార్యాలయంలో ఇద్దరికి ఈ పని తెలిసి వుండాలి, ఆ పనికి డబ్బు ఇవ్వాలి, రాత్రిపూట ఆ ఇద్దరిలో ఒకరి ఫోను నంబరు గోడ మీద వుండాలి.

ఇక మాటలు చాలు. చెట్టుకింద బండి పెట్టించాం, బానెట్ ఎత్తి వుంది. ఆ అమ్మాయి పొద్దున్నే వచ్చి అందులో రెండు లోపాలు పెట్టింది, ఎక్కడో నాకూ చెప్పలేదు. టెస్ట్ ల్యాంపులు నాలుగే వున్నాయి కనుక ఇద్దరిద్దరుగా రండి. పన్నెండు వోల్టుల ఇండికేటరు బల్బు, హోల్డరు, రెండు మూరల తీగ, ఒక క్లిప్పు, ఒక సూది వుంటే మీరే ఒకటి చేసుకోవచ్చు, ఆ సామాన్లు బల్ల మీద వున్నాయి. గిన్నె కూడా అక్కడే వుంది.